అసలు మింగేసి ఆకాశాన్ని తిట్టడమా?

తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లన్నమాట. చిన్నప్పుడు మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆ మెట్లు ఎక్కేవాణ్ణి. కత్తిరి ఎండల రోజుల్లో మాత్రం ఆమె నన్ను చీకటితోనే లేపి, ఎండ ముదరకముందే దర్శనం చేయించి కిందికి దించేది. "కత్తిరి పోనీరా, మెట్లు మళ్ళీ చల్లబడతాయి" అనేది. ఆ మాటను ఈనాడు మా పిల్లలకు చెప్పే ధైర్యం నాకు లేదు. కత్తిరి రాకముందే కాళ్ళు కాలుతున్నాయి, పోయిన తరువాతా కాలుతున్నాయి. వేసవి వస్తే చాలు, తమిళనాట ఎక్కువ వేడి నమోదైన ఊళ్ళ వరుసలో వేలూరు పక్కన మా తిరుత్తణి పేరు వినబడుతూనే ఉంటుంది. కుమారస్వామి కోపం చల్లారిన చోటు గనుక ఈ కొండకు ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. స్వామి కోపం చల్లారిన కొండమీద సూర్యుడి కోపం మాత్రం చల్లారడంలేదు!

ఆమధ్య తిరువళ్ళూరులో ఒక పెండ్లికి వెళ్ళాను. పందిట్లో పంకాల కింద మేము ఏడెనిమిది మందిమి కూర్చున్నాం. ఒకరు రిటైరైన ఉపాధ్యాయులు. ఒకరు ఇళ్ళస్థలాల వ్యాపారి. ఒకరు మోటారు ఉండీ బావిలో నీళ్ళు లేని రైతు. ఒకరు మరమగ్గాలు అమ్మేసుకున్న నేతగాడు. మాటలు ఎండమీద మొదలై, వానలమీదికి వెళ్ళి, పంటలమీదికి తిరిగి, చివరికి అందరూ కలిసి ఒకే తీర్పు చెప్పారు: "అంతా గ్లోబల్ వార్మింగండీ! మన చేతుల్లో ఏముంది?"

ఆ మాటమీదనే నా ఈ తగాదా. మన చేతుల్లో ఏముందా? మన చేతుల్లో చెరువు ఉండేది. మన చేతుల్లో ఏరు ఉండేది. బావి ఉండేది, కాలువ ఉండేది. వాటన్నిటినీ ఒక్కొక్కటే అమ్ముకుని తినేసి, ఇప్పుడు ఖాళీ చేతులు ఆకాశంవైపు చూపించి "మన చేతుల్లో ఏముంది?" అని అడగడం న్యాయమేనా?

నేను శాస్త్రవేత్తను కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్ళకు పైగా జమాఖర్చులు తప్ప వేరే ప్రపంచం ఎరగనివాణ్ణి. కాని వాణిజ్యశాస్త్రంలో మొదటి ఏడాదే నేర్పే సూత్రం ఒకటుంది: అసలు వేరు, రాబడి వేరు. ఇంటి దూలం అమ్మి, ఆ డబ్బును రాబడి పద్దులో రాసుకుని "ఈ ఏడు లాభం బాగుంది" అని మురిసిపోయే వ్యాపారి తన్ను తానే మోసం చేసుకుంటున్నాడు. ఆ తప్పును ఆడిటరు ఒక్క పూటలో పట్టేస్తాడు. కాని ఒక సీమ సీమంతా యాభై ఏళ్ళుగా ఆ తప్పే చేస్తుంటే, దాన్ని అభివృద్ధి అని పిలుస్తుంటే, పట్టుకునే ఆడిటరు ఎవరు?

ముందు ప్రపంచపు పద్దు చూద్దాం. భూగోళం వేడెక్కడం అబద్ధమని నేను అనడంలేదు సుమా! అది నూటికి నూరుపాళ్ళు నిజం. బొగ్గు, పెట్రోలు కాల్చితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమి వేడిని దుప్పటిలా పట్టి ఉంచుతుంది. ఈ లెక్కను స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1896లోనే వేశాడు. యంత్రాల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళుండిన ఆ వాయువు, హవాయిలోని మౌనా లోవా కొండమీద 1958లో కొలతలు మొదలుపెట్టేనాటికి 315 పాళ్ళకు చేరింది. ఇప్పుడు 420 దాటింది. కొలతలు మొదలైనప్పటినుంచీ అన్నిటికంటె వేడి సంవత్సరం 2024 అని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఆ ఏటి సగటు వేడి, 19వ శతాబ్దం రెండో సగంతో పోలిస్తే సుమారు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ. ఇలా అదనంగా పోగుపడిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నాయి. మన అదృష్టం అనుకునేరు! వేడెక్కిన సముద్రం తుపానుకు మేత.

ఒకటిన్నర డిగ్రీకే ఇంత గోలా అనేవారున్నారు. ఒంటి వేడి ఒకటిన్నర డిగ్రీ పెరిగితే పడుకోక తప్పదు గదా! పైరుకూ అంతే. రాత్రిపూట కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వరి దిగుబడి సుమారు పదోవంతు తగ్గినట్లు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ పొలాల్లో చేసిన పరిశీలన 2004లో వెలువడింది. ఇక వాన సంగతి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. అంటే ఏమిటి? ఎండ కాసేటప్పుడు నేలలోని తడిని మరింత పీల్చేస్తుంది. కురిసేటప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. నెల వాన రెండు రోజుల్లో పడిపోయి, తరువాత మూడు నెలలు చుక్క ఉండదు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, చెక్కు పెద్దదే, కాని ఆ రోజే ఖాతాలో వేసుకోకపోతే చెల్లదు!

మరి ఆ చెక్కు వేసుకోవడానికి మనకు ఖాతా ఉండేది. దాని పేరే చెరువు. మన ప్రాంతానికి వానలు ఏడాది పొడుగునా మెల్లమెల్లగా కురిసేవి ఏనాడూ కావు. ఈశాన్య రుతుపవనం వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ తుపానును వెంటబెట్టుకుని, నాలుగు రోజులు కుండపోతగా కురిసి వెళ్ళిపోయేవే పెద్ద వానలు. ఈ సంగతి తెలుసు గనుకనే మన పెద్దలు ఊరికొక చెరువు తవ్వి, వాటిని గొలుసుగా కట్టారు. పై ఊరి చెరువు నిండి మొరవ పోతే, ఆ నీళ్ళు కాలువ పట్టి కింది ఊరి చెరువుకు చేరతాయి. అది నిండితే దాని కింది చెరువుకు. అన్నీ నిండితే మిగిలింది ఏటికి. చెరువులో నీళ్ళున్నంతకాలం దాని కింది బావుల్లో ఊట తగ్గదు. వేసవిలో ఊరంతా కలిసి పూడిక మట్టి ఎత్తి పొలాలకు తోలుకుంటే చెరువుకు లోతు, చేనికి బలం. తమిళంలో ఈ ఊరుమ్మడి పనికే కుడిమరామత్తు అని పేరు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక్కసారిగా కుమ్మరించే వాన, ఆపైన చాలాకాలం ఎండ - భూగోళం వేడెక్కడంవల్ల ముదరబోతున్న రోగం సరిగ్గా ఇదే. దీనికి మందును మన పెద్దలు వందల ఏళ్ళ ముందే తయారుచేసి మన ఊరి పొలిమేరలో పెట్టి వెళ్ళారు. మనం రోగం ముదిరే వేళకు మందుసీసా పగలగొట్టుకున్నాం!

ఎవరు పగలగొట్టారు? అందరికంటె ముందు నా వేలిని నావైపే చూపిస్తాను.

1990లలో తిరుత్తణి ప్రాంతంలోని ఒక శాఖలో నేను వ్యవసాయ ఋణాలు చూసేవాణ్ణి. మూడెకరాల ఆసామి, ఒక పెద్దాయన, బావి లోతు చేయించడానికి అప్పుకోసం వచ్చాడు. ఒకప్పుడు కపిల తోలిన బావి అది. ముప్పై అడుగుల్లో నీళ్ళుండేవట. బావికీ బావికీ మధ్య ఇంత దూరం ఉండాలని, భూమిలో ఇంత నీరుందని ధ్రువపత్రం కావాలని మాకు నిబంధనలున్నాయి. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. కాగితాలు ఎప్పుడూ సరిగానే ఉంటాయి! "మీరు సంతకం పెడితే నీళ్ళు పడినట్టే సార్" అన్నాడు. పెట్టాను. మూడేళ్ళకు ఆ బావిలోనే బోరు దించడానికి వచ్చాడు. పెట్టాను. మరికొన్నేళ్ళకు చేని మూలలో మూడువందల అడుగుల బోరుకు వచ్చాడు. పెట్టాను. నీళ్ళు పడ్డాయి. పక్క చేనాయన బావి ఎండింది. ఆ పక్క చేనాయన మరుసటి నెల నా బల్ల ముందు కూర్చున్నాడు, ఇంకా లోతైన బోరుకు అప్పు కావాలని. ఆయనకూ సంతకం పెట్టాను. ఆ ఏడు మా శాఖ ఋణ లక్ష్యం నూటికి నూరు దాటింది. పైవాళ్ళు నా భుజం తట్టారు.

ఒకే పొలాన్ని ఇద్దరికి తాకట్టు పెట్టినవాణ్ణి మోసగాడని జైల్లో వేస్తారు. ఆ ఇద్దరు రైతుల చేల కింద ఉన్నది ఒకే నీరు. ఆ ఒక్క నీటినే నమ్మి ఇద్దరికీ అప్పులిచ్చాను. ఇద్దరికేమిటి, ఊరు ఊరికంతా ఇచ్చాం. ఒకే నీటిని వందమందికి తాకట్టు పెట్టించినవాడికి మాత్రం మెప్పుదల! బావి ఎండితే రైతు బాకీదారు అయ్యాడు. తప్పుడు లెక్క వేసినవాడికి ప్రమోషన్ వచ్చింది. ఆ ప్రమోషన్ పుచ్చుకున్నవాడే ఈ వ్యాసం రాస్తున్నాడని పాఠకులు మరిచిపోవద్దు.

రైతునూ బ్యాంకునూ మాత్రమే అని ఊరుకుంటే అన్యాయం. పట్నం దాహం మాటో? 1944లో కుశస్థలిమీద పూండి జలాశయం కట్టింది మద్రాసు నగరంకోసమే. పూండి, చోళవరం, పుళల్ - నగరానికి నీళ్ళిచ్చే ఈ మూడూ మన తిరువళ్ళూరు జిల్లాలోవే. 1983 ఒప్పందం ప్రకారం కట్టిన తెలుగుగంగ కాలువలో కృష్ణ నీళ్ళు 1996లో ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటినప్పుడు మనవాళ్ళం ఎంత పొంగిపోయాం! ఆ నీళ్ళు కూడా పూండి మీదుగా పట్నానికే. అదీ చాలక ఈ శతాబ్దం మొదట్లో నగర నీటి సంస్థ కుశస్థలి, అరణి పరివాహకంలోని రైతుల బావుల నుంచి నీరు కొనడం మొదలుపెట్టింది. వరి పండిస్తే మిగలని డబ్బు నీళ్ళమ్మితే మిగిలింది. అసలు అమ్మి రాబడి అనుకోవడానికి ఇంతకంటె ఉదాహరణ ఏం కావాలి? సముద్రానికి దగ్గరున్న మీంజూరు వైపు మంచినీటిని ఇలా ఏళ్ళతరబడి తోడేస్తే, ఆ ఖాళీలోకి ఉప్పునీరు కిలోమీటర్లకొద్దీ నేలలోపలికి చొచ్చుకువచ్చింది. ఉప్పెక్కిన ఊట ఒక వానకు తీపెక్కదు.

ఇంతా చేసి పట్నం దాహం తీరిందా? 2019 జూన్‌లో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ దాదాపు వట్టిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైలుపెట్టెల్లో నీళ్ళు తెచ్చారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2015లో, అదే నగరం నీళ్ళలో మునిగింది. మునక, ఎండు - రెండూ ఒకే ఖాతాలోని పద్దులు. పట్టుకునే పాత్ర పగిలిపోయిన ఇంట్లో వాన కురిసినా ఏడుపే, కురవకపోయినా ఏడుపే.

2015 అన్నాను గనుక నా రెండో సంతకం సంగతి కూడా చెప్పాలి. ఆ పెద్దాయన మూడెకరాలూ చివరికి ఇళ్ళస్థలాలయ్యాయి. చెరువు కింది పల్లపు నేల. రంగుల రాళ్ళు పాతి, కాలువను పూడ్చి రోడ్డు వేసి, దానికి ఒక 'నగర్' పేరు తగిలించారు. అందులో ఇల్లు కట్టుకోవడానికి ఒక చిన్న ఉద్యోగి గృహఋణానికి పెట్టుకున్న దరఖాస్తు, అప్పటికి మరో శాఖకు మారిన నా బల్లమీదికే వచ్చింది. సర్వే నంబరు చూసి గుర్తుపట్టాను. వకీలు అభిప్రాయం ఉంది. ఇంజనీరు ఇచ్చిన విలువ పత్రం ఉంది. ఇది వానాకాలంలో నీళ్ళు పారే దారి అని రాయడానికి మాత్రం మా ఫారంలో ఎక్కడా గడి లేదు! సంతకం పెట్టాను. 2015 డిసెంబరు మొదటి వారంలో ఆ ఇంట్లో నడుము లోతు నీళ్ళు. వాయిదా కట్టడానికి గడువు అడగడానికి వచ్చిన ఆయన నాతో అన్న మాట ఇది: "ఇన్ని నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో తెలియడంలేదు సార్." నాకు తెలుసు. కాలువ తన పాత దారి వెతుక్కుంటూ వచ్చింది. అది నేను ఆయనకు చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2015 నవంబరు 30 నుంచి డిసెంబరు 12 దాకా, ప్రపంచ దేశాలన్నీ పారిస్‌లో కూర్చుని భూతాపాన్ని రెండు డిగ్రీలకు చాలా దిగువన ఆపాలని, వీలైతే ఒకటిన్నర దగ్గరే ఆపాలని ఒప్పందం రాసుకున్నాయి. మంచిదే. కాని మన ఊరి కాలువ గురించి ఆ ఒప్పందంలో ఒక్క మాట లేదు. ఉండదు కూడా. అది రాయవలసింది పారిస్‌లో కాదు, మన తాలూకా కచేరీలో. చెరువుల హద్దులు కొలిచి ఆక్రమణలు తొలగించడానికి తమిళనాడులో 2007లోనే చట్టం వచ్చింది. చట్టం ఉంది, సర్వే గొలుసు ఉంది, లేనిది అడిగేవాళ్ళే.

చెరువు పోతే పోయింది, ఏరుంది గదా అంటారా? ఏటి సంగతీ చూద్దాం. నగరి ఏటినీ, మన తిరుత్తణి నందియారునూ కలుపుకుని కుశస్థలి పూండి చేరుతుంది. ఏటి ఇసుక అంటే లారీలో నింపుకునే సరుకు కాదు. వాన నీటిని స్పంజిలా పట్టి ఉంచి చుట్టుపక్కల బావులకు మెల్లగా వదిలే గిడ్డంగి. ఆ గిడ్డంగిని కట్టడాలకోసం తవ్వి తీసుకుపోయాం. టిప్పరు లారీలకు అప్పులిచ్చిందీ మావంటి బ్యాంకులే. అద్దకపు రంగునీళ్ళను శుద్ధి చెయ్యకుండా వదిలిన చోటల్లా ఏరు నేసిన చీరలా రంగులు మారింది. ఇన్ని దెబ్బలు తిని కుశస్థలి ఎన్నూరు దగ్గర సముద్రంలో కలిసేచోట, థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద ఆ ఉప్పుటేటిలో మేట వేసింది. మడ చెట్లు, రొయ్యలు, పీతలు, వాటిమీద బతికే జాలరులు, అందరిమీదా ఆ బూడిదే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతోపాటు మణలి పారిశ్రామిక వాడ నుంచి చమురు కొట్టుకువచ్చి ఎన్నూరు ఉప్పుటేరంతా నల్లగా పరుచుకుంది. రెక్కలకు చమురంటి ఎగరలేని గూడబాతులను చూశాం. వేడెక్కిన సముద్రం బలిపించిన తుపాను ఒకవైపు, మనం వదిలిన చమురు మరొకవైపు - ఆ పక్షికి ఈ రెండింటికీ తేడా తెలుసా?

అరణి ఏరు పోయి కలిసే పులికాట్ సరస్సు మాటా అంతే. ఒడిశాలోని చిల్కా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. ఏళ్ళు తెచ్చే మంచినీరు, సముద్రం తెచ్చే ఉప్పునీరు పాళ్ళు తప్పకుండా కలిస్తేనే అక్కడ రొయ్య పెరుగుతుంది, చేప గుడ్డు పెడుతుంది, చలికాలంలో వేలాదిగా ఫ్లెమింగోలు దిగుతాయి. పైన చెరువులు, ఇసుక లేక ఏరు నాలుగు రోజులు వరదై, మిగతా రోజులు ఎండితే ఆ పాళ్ళు ఎలా కుదురుతాయి? తిరుత్తణిలో నేను పెట్టిన సంతకానికీ పులికాట్ జాలరి వలకూ సంబంధం ఉందని నాకు అర్థమయ్యేసరికి పాతికేళ్ళు పట్టింది.

ఇక్కడ నన్ను ఆపి ఎదురు చెప్పేవారికి జవాబు చెప్పాలి గదా!

మొదటివారు అంటారు: "పొగ వదిలింది అమెరికా, శిక్ష మనకా?" నిజమే. సగటు అమెరికన్ ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ సగటు భారతీయుడు వదిలేదానికి సుమారు ఏడు రెట్లు. వాళ్ళు మనకు బాకీపడ్డారు. ఆ బాకీ గట్టిగా అడగవలసిందే. కాని నాకు రావలసిన బాకీ ఉందని నా ఇంటికి నేనే నిప్పు పెట్టుకుంటానా? మీంజూరు ఊటను తోడింది అమెరికా కాదు. మన కాలువమీద రోడ్డు వేసింది అమెరికా కాదు.

రెండోవారు అంటారు: "పై రాష్ట్రంవాళ్ళు నీళ్ళు ఆపేస్తున్నారు." 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు ప్రకారం చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రలో చేరాయి. కాగితంమీద గీత గీశారు. గీతకు అవతల అరుణానది అన్నా, ఇవతల అరణియార్ అన్నా ఏరు ఒక్కటే. కుశస్థలిమీద ఎగువన రెండు జలాశయాలు కట్టాలన్న ఆంధ్ర ప్రతిపాదనకు 2022లో తమిళనాడు ముఖ్యమంత్రి అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాశారు. ఆ తగాదా ప్రభుత్వాలు తేల్చుకోవలసిందే. కాని దిగువన ఇసుక తవ్వి, చెరువులు పూడ్చి, ఎగువవాణ్ణి మాత్రం నీళ్ళు వదలమని అడిగితే, వదిలిన నీళ్ళు నిలిచేదెక్కడ? గీతకు రెండువైపులా మాట తెలిసినవాళ్ళం, రెండు పేర్లతోనూ ఏటిని పిలవగలవాళ్ళం మనం. ఈ తగాదాలో మనం ఇంధనం కాకూడదు, మధ్యవర్తులం కావాలి.

మూడోవారు నా సాటి ఉద్యోగులే. "అభివృద్ధి వద్దా? రైతుకు అప్పు, పేదకు ఇల్లు వద్దా?" కావాలి. కాని ఎండిపోయే బోరు అభివృద్ధి కాదు, మునిగిపోయే ఇల్లు అభివృద్ధి కాదు. అది తరుగుదల రాయని లెక్క.

నాలుగోవారు ఏటా జూన్ 5న మొక్క నాటి ఫొటో దిగేవారు. వారికి నా విన్నపం ఒక్కటే: మరుసటి జూన్ 5న కొత్త మొక్క నాటకండి. పోయినేడు నాటినదాని దగ్గర నిలబడి ఫొటో తీయించుకోండి!

చివరగా మన భాష సంగతి. తెలుగు మాధ్యమ బడుల కోసం, పరీక్షలో తెలుగు రాసే హక్కుకోసం మనం అర్జీలు పెట్టాం, కోర్టు మెట్లెక్కాం. మంచి పని. కాని మొరవ, తూము, గెనిమ, కయ్య, చెలమ, కపిల - ఈ మాటలు మా ఇంట్లో ఇప్పుడు నేను తప్ప ఎవరూ అనరు. ఏ ప్రభుత్వమూ వీటిని నిషేధించలేదు. చెరువు పోయింది గనుక మొరవ అనే మాటతో పని పోయింది. ఏట్లో ఇసుక పోయింది గనుక చెలమ పోయింది. తవ్వడానికి చెలమే లేనప్పుడు ఆ మాట పిల్లవాడికి ఏ వాచకం నేర్పుతుంది? నీళ్ళు ఇంకిన చోటనే మాటా ఇంకిపోతుంది.

అయితే ఏం చెయ్యమంటావని అడుగుతారు. గుమాస్తా బుద్ధి గనుక గుమాస్తా పనులే చెబుతాను. ఒకటి: మీ సొంత ఊరి చెరువు సర్వే నంబరు, విస్తీర్ణం గ్రామ రికార్డులో ఎంత ఉందో, నేలమీద ఎంత మిగిలిందో కనుక్కోండి, తేడా ఉంటే 2007 చట్టం పేరు చెప్పి అర్జీ రాయండి. రెండు: ఇంటిస్థలం కొనేముందు పట్టాతోపాటు పాత గ్రామపటం చూడండి, మీరు కొనేది నేలా, కాలువా అని అడగండి. మూడు: నా సాటి బ్యాంకు ఉద్యోగులకు - ఫారంలో ఆ గడి లేకపోతే వెనకవైపు చేత్తో రాయండి, "ఇది నీళ్ళు పారే దారి" అని. నేను రాయలేదు. నాలుగు: 2017లో తమిళనాడు ప్రభుత్వం కుడిమరామత్తును మళ్ళీ మొదలుపెట్టింది. పేరు ప్రభుత్వానిదైనా పని ఊరుమ్మడిది. మీ ఊరిలో పూడిక తీసిన రోజున గట్టుమీద నిలబడి చూడండి - ఎన్ని లోడ్లు పొలానికి పోయాయి, ఎన్ని ఇటుక బట్టీలకు పోయాయి అని.

తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటికి హృత్తాపనాశిని అని పేరు. పేరును విడదీస్తే, గుండెలోని తాపాన్ని పోగొట్టేది అని అర్థం. అమావాస్యనాడు జనం వచ్చి మునిగి, బెల్లం నీళ్ళలో వేసి దండం పెట్టుకుంటారు. మొన్నటి అమావాస్యకు నేనూ వెళ్ళాను. నా పక్కనున్న ఆయన బెల్లం వేసి, బెల్లం చుట్టి తెచ్చిన ప్లాస్టిక్ సంచిని కూడా నీళ్ళలోనే వదిలి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. వంగి ఆ సంచిని తీసి నా జేబులో పెట్టుకున్నాను. అది గొప్ప పనేమీ కాదు. ఒక సంచి తీస్తే భూగోళం చల్లబడదు. కాని ఆ ఒక్క సంచి విషయంలో మాత్రం, "మన చేతుల్లో ఏముంది?" అనే ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండింది.

పాఠకులు మీ ఊరి చెరువు పేరు, దాని మొరవ ఎటు పారేదో, ఇప్పుడు అక్కడ ఏముందో ఈ పత్రికకు ఒక ఉత్తరం రాయండి. పద్దు మొదలుపెడితేనే గదా, ఎంత పోయిందో తేలేది!